తెలుగు చెవికి ఇంగ్లీషు మాట

ఈ నెల వచ్చిన ఉత్తరాలను ఒకచోట పెట్టి చదివినప్పుడు నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. ఇంగ్లీషులో మనం తడబడే చోట్లు చాలావరకు తెలుగు చెవి వినే తీరు నుంచి, తెలుగు వాక్యం నడిచే తీరు నుంచి పుట్టినవే. పొరపాటు తెలుగు నుంచి వచ్చినప్పుడు దాన్ని దిద్దుకునే ఉపాయం కూడా చాలాసార్లు తెలుగులోనే దొరుకుతుంది. అందుకే వీలైన చోటల్లా జవాబులకు తెలుగునే కొలబద్దగా తీసుకున్నాను. ఇంగ్లీషు మాటల వర్ణక్రమాన్ని అక్షరాల పేర్లతో విడగొట్టి రాశాను.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అని రాసినప్పుడల్లా మా పై అధికారి దిద్దుతున్నారు. సిన్స్ అన్నా, ఫర్ అన్నా 'నుంచి' అనే కదండీ అర్థం?
(ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: చిక్కంతా ఆ 'నుంచి'లోనే ఉంది. తెలుగులో 'పదేళ్ళ నుంచి' అన్నా, '2015 నుంచి' అన్నా అదే మాట సరిపోతుంది. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. పని ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే సిన్స్, మొదలయ్యాక ఎంత కాలం గడిచిందో చెప్పాలంటే ఫర్.

ఈ తేడా పట్టుకోవడానికి మన 'గా' ప్రత్యయం చక్కగా పనికొస్తుంది. 'పదేళ్ళ నుంచి' అనే మాటను 'పదేళ్ళుగా' అని మార్చి చూడండి, అర్థం చెడదు. 'మూడు రోజుల నుంచి' అన్నది 'మూడు రోజులుగా' అవుతుంది, 'చాలా కాలం నుంచి' అన్నది 'చాలా కాలంగా' అవుతుంది. ఇలా 'గా' ఒదిగిన చోట ఇంగ్లీషులో ఫర్ రావాలి. 'సోమవారం నుంచి' అనే మాటను 'సోమవారంగా' అనలేము. '2015గా' అన్నా, 'ఉదయంగా' అన్నా, 'చిన్నప్పటిగా' అన్నా తెలుగే కాదు. అక్కడ సిన్స్ రావాలి.

'రెండు గంటల నుంచి కరెంటు లేదు' అనే మాటను ఒకసారి నెమ్మదిగా చదవండి. మధ్యాహ్నం రెండు కొట్టినప్పుడు కరెంటు పోయిందా, లేక పోయి రెండు గంటలు గడిచిందా అన్నది ఆ వాక్యాన్ని బట్టి తేలదు. వింటున్నవాడు గడియారం చూసుకుని, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాడు. 'రెండు గంటలుగా కరెంటు లేదు' అంటే ఆ సందేహం తీరిపోతుంది. తెలుగు సందర్భానికి వదిలేసిన ఈ తేడాను ఇంగ్లీషు మాటలోనే చెప్పితీరాలంటుంది.

మీ వాక్యంలో దిద్దవలసినది మరొకటి కూడా ఉంది. మనం 'పదేళ్ళుగా పనిచేస్తున్నాను' అని వర్తమానంలో చెబుతాము కనుక 'యామ్ వర్కింగ్' అన్నదే సహజంగా నోటికి వస్తుంది. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషులో 'హావ్ బీన్ వర్కింగ్' అనాలి. కాబట్టి 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' అన్నది సరైన వాక్యం. నేను అధ్యాపక ఉద్యోగానికి మొదటిసారి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు సరిగ్గా ఇదే తప్పు రాశాను. ఇంటర్వ్యూలో కూర్చున్న ఒక పెద్దాయన ఏమీ అనకుండా సిన్స్ మీద పెన్సిలుతో ఒక గీత గీసి, పైన ఫర్ అని రాసి, ఆ కాగితాన్ని నా వైపు తిప్పి పెట్టారు. ఆ దిద్దుబాటు నాకు ఈనాటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ప్రశ్న: 'లూజ్' అనే మాటకు ఒక ఓ రాయాలా, రెండు రాయాలా అని ప్రతిసారీ ఆగిపోతాను. 'అడ్వైజ్', 'అడ్వైస్' విషయంలోనూ ఇదే అవస్థ.
(ఒక గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, ఈ రెండు అవస్థలకూ మూలం ఒక్కటే. ఇంగ్లీషులో జెడ్ అక్షరానికి ఉన్న ధ్వని మన వర్ణమాలలో లేదు. 'జడ', 'జొన్న' అన్నప్పుడు పలికే దంత్య జకారం దానికి కొంత దగ్గరగా వస్తుంది గాని, పూర్తిగా అదే కాదు. ఆ ధ్వని వచ్చిన మాటలను మనం ఒకచోట జతోను, మరొకచోట సతోను పలుకుతూ, రాస్తూ ఉంటాము.

మీరు అడిగిన మొదటి జంటలో ఇది పూర్తిగా తారుమారయింది. వదులుగా ఉన్నదానికి తెలుగులో 'లూజు' అనే మాట స్థిరపడిపోయింది. లూజు చొక్కా అంటాము, నట్టు లూజయిందంటాము. అసలు ఇంగ్లీషులో వదులు అనే అర్థమున్న మాట 'లూస్', దాని చివర ఉన్నది స ధ్వని, వర్ణక్రమం ఎల్-ఓ-ఓ-ఎస్-ఈ. జెడ్ ధ్వనితో పలకవలసినది పోగొట్టుకోవడం, ఓడిపోవడం అనే అర్థాలున్న మాట. దాని వర్ణక్రమం ఎల్-ఓ-ఎస్-ఈ. ఈ రెండో మాటను దాని చుట్టాలతో కలిపి గుర్తుంచుకోండి. లాస్ట్, లాస్ అనే మాటల్లో రెండు ఓలు లేవు కదా, వాటికి మూలమైన మాటలోనూ ఉండవు.

ఇక అడ్వైస్ అంటే సలహా, అది నామవాచకం. వర్ణక్రమంలో సీ వస్తుంది, స ధ్వనితో పలుకుతుంది. అడ్వైజ్ అంటే సలహా చెప్పడం, అది క్రియ. ఎస్ అక్షరంతో రాసి జెడ్ ధ్వనితో పలకాలి. డివైస్, డివైజ్ అనే జంట కూడా ఇదే దారిన నడుస్తుంది. నామవాచకాన్ని సతో, క్రియను జెడ్‌తో పలకడం ఇంగ్లీషుకు బాగా అలవాటైన పద్ధతి. యూస్ అంటే వాడకం, యూజ్ అంటే వాడడం. హౌస్ అంటే ఇల్లు, హౌజ్ అంటే చోటివ్వడం. ఈ రెండు జంటల్లో వర్ణక్రమం మారదు, ధ్వని ఒక్కటే మారుతుంది.

లైసెన్స్, ప్రాక్టిస్ అనే మాటలు దీనికి ఎదురు తిరుగుతాయి. అక్కడ ధ్వనిలో తేడా ఏమీ లేదు, రాతలో మాత్రమే ఉంది. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి సీ, క్రియకు ఎస్ రాస్తారు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 'డ్రైవింగ్ లైసెన్స్' అనే మాటను సీతోనే రాసింది. అమెరికాలో లైసెన్స్‌ను ఎక్కడైనా ఎస్‌తోను, ప్రాక్టిస్‌ను ఎక్కడైనా సీతోను రాస్తారు. కనుక అక్కడి నుంచి వచ్చిన కాగితంలో వర్ణక్రమం వేరుగా కనబడితే దాన్ని తప్పనుకోవద్దు. ఒకే ఉత్తరంలో రెండు పద్ధతులూ కలపకుండా ఉంటే చాలు.

ప్రశ్న: ఇంటి రుణం కాగితాల్లో 'ప్రిన్సిపల్' అని ఉంది. కాలేజీ ప్రిన్సిపల్‌కూ దానికీ ఏమిటి సంబంధం?
(ఒక పాఠకుడు, నరసరావుపేట)

జవాబు: దగ్గరి సంబంధమే ఉంది. లాటిన్‌లో 'మొట్టమొదటివాడు, ముఖ్యుడు' అనే అర్థమున్న మాట నుంచి ప్రిన్సిపల్ పుట్టింది. దానికి తెలుగులో 'ప్రధాన' అనే మాట పెట్టి చూడండి, అన్నిచోట్లా సరిపోతుంది. కళాశాలకు ప్రధానమైన వ్యక్తి ప్రిన్సిపల్, సచివాలయంలో ముఖ్య కార్యదర్శి ప్రిన్సిపల్ సెక్రటరీ, రుణంలో ప్రధానమైన మొత్తం ప్రిన్సిపల్. మనం ఆ మొత్తాన్ని 'అసలు' అంటున్నాము. ఆ మాట అరబ్బీ నుంచి ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. దానికి మూలార్థం చెట్టు వేరు, మొదలు అని. రెండు భాషలూ వడ్డీని కొమ్మగాను, అప్పు ఇచ్చిన సొమ్మును మొదలుగాను చూశాయన్నమాట.

ఇదే ఉచ్చారణతో చివర ఎల్-ఈ ఉన్న మాట వేరే ఉంది. దాని అర్థం సూత్రం, నియమం. ఆర్కిమెడిస్ సూత్రం అన్నా, ఫలానా ఆయన నియమాలున్న మనిషి అన్నా రాయవలసినది అదే. ప్రధానమైతే ఏ-ఎల్, సూత్రమైతే ఎల్-ఈ.

ప్రశ్న: 'ఎ' ఎక్కడ, 'యాన్' ఎక్కడ వాడాలో పిల్లలకు ఎలా చెప్పను? ఏ, ఈ, ఐ, ఓ, యూ అని చెబితే యూనివర్సిటీ దగ్గర అడ్డం తిరుగుతున్నారు.
(ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం)

జవాబు: అమ్మా, పిల్లలు అడ్డం తిరగడంలో న్యాయముంది. ఆ అయిదు అక్షరాల పాఠం రాతకు సంబంధించినది. యాన్ వాడకం పలుకుకు సంబంధించినది. మనకు తెలుగు లిపి అనే గొప్ప సౌకర్యం ఉంది కనుక దాన్నే వాడుకుందాము. పిల్లలతో ఆ ఇంగ్లీషు మాటను తెలుగులో రాయించండి. మొదటి అక్షరం అచ్చు అయితే యాన్, హల్లు అయితే ఎ.

'అవర్' అని రాస్తే మొదట అచ్చు ఉంది, ఇంగ్లీషు రాతలో హెచ్ కనబడినా 'యాన్ అవర్' అనాలి. 'ఆనెస్ట్' కూడా అంతే. 'యూనివర్సిటీ', 'యూనిఫాం', 'యూరోపియన్' అనే మాటలు యకారంతో మొదలవుతాయి, అది హల్లు, కనుక ఎ. 'వన్ డే మ్యాచ్' వకారంతో మొదలవుతుంది, కనుక ఎ. పొడి అక్షరాలకూ ఇదే కొలత. ఎమ్మెల్యే, ఎఫ్ఐఆర్, ఎస్సై, ఎక్స్-రే అన్నీ అచ్చుతో మొదలవుతున్నాయి కాబట్టి, ఇంగ్లీషులో అక్కడ ఎమ్, ఎఫ్, ఎస్, ఎక్స్ అనే హల్లులు రాసి ఉన్నా యాన్ వస్తుంది. యూపీఎస్సీకి ఎ వస్తుంది.

అయితే ఈ కొలబద్ద వంగే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిని ముందే చెప్పి ఉంచండి. తెలుగువారి నోట కొన్ని మాటల మొదటి వకార యకారాలు జారిపోతాయి. మనం 'ఓటు' అంటాము గాని ఇంగ్లీషు మాట 'వోట్', కనుక ఎ వోట్. 'ఉమన్' అని పలికేవారు చాలామంది ఉన్నారు గాని అది 'వుమన్', కనుక ఎ వుమన్. అన్నిటికంటె జాగ్రత్తగా ఉండవలసినది సంవత్సరం దగ్గర. 'హ్యాపీ న్యూ ఇయర్' అని మనం గోడల మీద రాసే ఇయర్, చెవికి ఉన్న ఇయర్ ఒకటి కావు. సంవత్సరం 'యియర్', దాని ముందు ఎ. చెవి 'ఇయర్', దాని ముందు యాన్.

ప్రశ్న: రిసీట్ అనే మాటలో పీ ఎందుకుంది? పలకనప్పుడు తీసేయవచ్చు కదా మాస్టారూ? వెడ్నెస్ డేలో డీ కూడా అంతే.
(తొమ్మిదో తరగతి విద్యార్థి, కరీంనగర్)

జవాబు: నాయనా, చాలా మంచి ప్రశ్న అడిగావు. నీ వయసు పిల్లలను బాధపెట్టే ఈ పలకని అక్షరాలు ఒకే దారిన రాలేదు. కనీసం మూడు దారులున్నాయి.

మొదటిది, ఒకప్పుడు నిజంగా పలికి తరువాత నోట అరిగిపోయిన అక్షరాలు. 'నైట్' అంటే వీరుడు అనే అర్థమున్న మాటలో మొదటి కే, 'నో' అంటే తెలియడం అనే మాటలో మొదటి కే ఇలాంటివి. పాత ఇంగ్లీషువారు వాటిని పలికేవారు. విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. ఆ తరువాత వచ్చిన పుస్తకాలతో వర్ణక్రమం మెల్లగా గట్టిపడుతూ వచ్చింది. సరిగ్గా ఆ శతాబ్దాల్లోనే జనం నోట ఉచ్చారణ వేగంగా మారిపోతూ ఉంది. రాత పాతచోట ఆగింది, పలుకు ముందుకు వెళ్ళిపోయింది.

రెండోది, పండితులు చేర్చిన అక్షరాలు. రిసీట్ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో పీ లేదు. దానికి మూలమైన లాటిన్ మాటలో పీ ఉన్నదని తెలిసినవారు ఆ గుర్తు కోసం రాతలో పీ చేర్చారు. అప్పు అనే అర్థమున్న 'డెట్'లో బీ, 'డౌట్'లో బీ కూడా ఇలా లాటిన్‌ను చూసి పెట్టినవే. ఈ పనిలో నిలకడ కూడా లేకపోయింది. 'డిసీట్' కూడా అదే కుటుంబపు మాట, దానికి మాత్రం పీ నిలవలేదు.

మూడోది పొరపాటున చేరినది. ద్వీపం అనే అర్థమున్న 'ఐలాండ్' అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, దానికి లాటిన్‌తో సంబంధమే లేదు. లాటిన్‌లో అదే అర్థమున్న వేరే మాటలో ఎస్ ఉండడం చూసి, ఇదీ అక్కడి నుంచే వచ్చిందనుకుని ఎస్ చేర్చారు. ఆ తప్పును ఈనాటికీ కోట్లమంది తప్పు లేకుండా రాస్తున్నారు.

ఇక బుధవారం సంగతి. వోడెన్ అనే పాత జర్మానిక్ దేవుడి పేరు మీద వచ్చిన రోజు అది. నువ్వు పలకని డీ ఆ దేవుడి పేరులోది. రోమన్లు ఆ రోజును మెర్క్యురీ పేరుతో పిలిచేవారు, జర్మానిక్ జాతులవారు మెర్క్యురీ స్థానంలో తమ వోడెన్‌ను పెట్టుకున్నారు. మన బుధుడు కూడా ఆ మెర్క్యురీ గ్రహమే. కాబట్టి ఆ డీ రాసేటప్పుడు మన బుధవారాన్ని తలుచుకో, మరిచిపోవు.

ఇంకొక్క మాట. మన 'రసీదు' రిసీట్ నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది పారశీకం నుంచి వచ్చిన మాట, 'అందినది' అని దాని అర్థం. రెండు మాటలూ ఒకే పనికి, దగ్గరి ధ్వనితో ఉండడం కేవలం కలిసివచ్చిన సంగతి.

ప్రశ్న: మా వార్డుకు శాంక్షన్ అయిన రోడ్డు గురించి చదివిన రోజునే, ఒక దేశం మీద శాంక్షన్లు విధించారని కూడా చదివాను. ఒకటి ఇవ్వడం, ఒకటి ఆపడం. ఏది నిజం?
(ఒక విశ్రాంత ఉద్యోగి, కర్నూలు)

జవాబు: రెండూ నిజమే. లాటిన్‌లో 'శాసనంగా స్థిరపరచడం' అనే అర్థమున్న మాట నుంచి శాంక్షన్ వచ్చింది. శాసనం అన్నాక దానికి రెండు ముఖాలుంటాయి. దేనికి అనుమతి ఉన్నదో చెప్పేది ఒకటి, మీరితే ఏ శిక్ష పడుతుందో చెప్పేది మరొకటి. ఇంగ్లీషు ఈ రెంటికీ ఒకే మాటను అట్టిపెట్టుకుంది. మన పత్రికలు మొదటిదానికి మంజూరు, రెండోదానికి ఆంక్ష అని వేరువేరు మాటలు వాడుకోవడం ఎంతో మేలైన పని. ఇంగ్లీషు చదివేటప్పుడు పక్క మాటలను చూడాలి. రుణం, పోస్టు, నిధులు అన్నవి పక్కన ఉంటే మంజూరు. ఒక దేశం మీద, సంస్థ మీద అని ఉంటే ఆంక్ష.

'ఓవర్‌సైట్' కూడా ఇటువంటిదే. దానికి పర్యవేక్షణ అనీ అర్థముంది, చూడక వదిలేసిన పొరపాటు అనీ అర్థముంది. ఆఫీసు ఉత్తరాల్లో అనుమానం వచ్చేచోట దాన్ని వాడకపోవడమే మంచిది.

ప్రశ్న: 'ఇట్స్' అనే మాటకు పైన కొమ్ములాంటి గుర్తు ఎప్పుడు పెట్టాలి?
(ఒక డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: ఆ మాటను 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హాజ్' అని విడగొట్టి చదవండి. వాక్యం నిలబడితే గుర్తు పెట్టాలి, నిలబడకపోతే అక్కర్లేదు. 'దాని తోక' అనేచోట 'ఇట్ ఈజ్ తోక' అంటే కుదరదు, కనుక గుర్తు లేదు. రాముడి పుస్తకం, సీత పుస్తకం అనేటప్పుడు ఆ గుర్తు పెట్టే అలవాటు వల్ల 'దాని' అనే అర్థంలోనూ చెయ్యి అటు పోతుంది. అతని, ఆమెది, మాది, మీది అనే సర్వనామాలకు ఇంగ్లీషులో ఎక్కడా ఆ గుర్తు లేదు, దీనికీ లేదు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువారే ఈ అర్థంలో గుర్తు పెట్టి రాసేవారు. ఇప్పుడది తప్పు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ సీటు కోసం వెళ్ళే కౌన్సెలింగ్, మా పట్టణ కౌన్సిలర్, శాసన మండలి అనే కౌన్సిల్, ఇవన్నీ ఒక్కటేనా?
(ఒక తల్లి, మచిలీపట్నం)

జవాబు: రెండు వేరువేరు మాటలమ్మా. మండలి అనే అర్థంలో వచ్చేది కౌన్సిల్, సీ-ఐ-ఎల్‌తో ముగుస్తుంది. సలహా అనే అర్థంలో వచ్చేది కౌన్సెల్, ఎస్-ఈ-ఎల్‌తో ముగుస్తుంది. లాటిన్‌లోనూ ఇవి రెండు మాటలే. పురపాలక మండలి సభ్యుడు కౌన్సిలర్; మనసు బాగాలేనివారికి ధైర్యం చెప్పి దారి చూపేవారు కౌన్సెలర్. కోర్టులో న్యాయవాదిని కౌన్సెల్ అనడం కూడా సలహా చెప్పేవాడనే అర్థంతోనే. తెలుగు రాతలో సికీ సెకీ తేడా గుడి, ఎత్వమే కాబట్టి మన పత్రికల్లో కూడా ఒకటి మరొకటిగా అచ్చవుతూ ఉంటుంది. అమ్మాయి ఫారంలో రాయవలసినది ఎస్-ఈతో, ఆ తరువాత రెండు ఎల్‌లతో.

ప్రశ్న: అధికార పగ్గాలు చేపట్టారని రాయడానికి నేను వాడిన 'రెయిన్స్' తప్పని మా ఎడిటర్ అన్నారు.
(ఒక యువ విలేఖరి, వరంగల్)

జవాబు: మీరు బహుశా జీ ఉన్న రెయిన్ రాసి ఉంటారు. అధికారం అనగానే రాజ్యపాలన మనసులోకి వస్తుంది, పాలన అనే అర్థమున్న మాట జీతోనే ఉంది, అందుకే ఆ పొరపాటు. కాని పగ్గాలు అన్నప్పుడు మనం గుర్రం కళ్ళేన్నే తలుచుకుంటున్నాము, ఇంగ్లీషువారూ అంతే. కళ్ళెం అనే అర్థమున్న రెయిన్‌లో జీ లేదు; ఆర్-ఈ-ఐ-ఎన్. ఎవరికైనా పగ్గాలు వదిలేశారని చెప్పేటప్పుడు కూడా ఇదే రాయాలి.

జీ ఉన్న మాటను గుర్తుంచుకోవడానికి మనకు దగ్గరి దారి ఉంది. ఆ మాట లాటిన్‌లో రాజ్యం అనే మాట నుంచి వచ్చింది. ఆ లాటిన్ మాటకూ సంస్కృతంలోని రాజ శబ్దానికీ మూలధాతువు ఒకటే. అక్కడి జీ, ఇక్కడి జ అన్నదమ్ములు. రాజ్యమైతే జీ ఉంటుంది, కళ్ళెమైతే ఉండదు.

ప్రశ్న: డాలస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. 'ప్రయాణం ప్రీపోన్ అయింది' అంటే 'అలాంటి మాట లేదు అమ్మమ్మా' అన్నాడు మనవడు. మా తమ్ముడి కొడుకు కాలేజీ నుంచి 'పాసవుట్' అయ్యాడంటే కంగారుపడ్డాడు. కజిన్ బ్రదర్ అంటే నవ్వుతాడు. మేము చదువుకున్నది తప్పా?
(ఒక పాఠకురాలు)

జవాబు: తప్పు కాదమ్మా. మీరు మాట్లాడుతున్నది భారతీయ ఇంగ్లీషు, దానికి తన చరిత్ర, తన అవసరాలు ఉన్నాయి. పోస్ట్‌పోన్ అంటే తరువాతికి పెట్టడం అయినప్పుడు ముందుకు పెట్టడం ప్రీపోన్ కావడం ఎంతో సహజం. మన దేశపు వాడుకగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో కూడా ఆ మాట చేరింది. మీ మనవడికి ఆ సంగతి చెప్పండి. అయితే అక్కడివారితో మాట్లాడేటప్పుడు వారికి తెలిసే మాట వాడడం మర్యాద కాబట్టి 'మూవ్డ్ అప్' అనండి.

పాసవుట్ అనే మాటకు అమెరికాలో స్పృహ తప్పడమనే అర్థం, పిల్లవాడు అందుకే కంగారుపడ్డాడు. శిక్షణ ముగించి బయటికి రావడమనే అర్థం బ్రిటిష్ సైనిక శిక్షణలోది. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ ముగిసినప్పుడు జరిపే కవాతును ఈనాటికీ పాసింగ్ అవుట్ పరేడ్ అంటారు. కాలేజీ చదువుకు అక్కడ 'గ్రాడ్యుయేటెడ్' అంటే సరిపోతుంది.

కజిన్ బ్రదర్ విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షమే. పెదనాన్న కొడుకు మనకు అన్న, మేనమామ కొడుకు బావ. ఒకరు తోబుట్టువుతో సమానం, మరొకరు వరస కలిసేవారు. కజిన్ అనే ఒక్క మాట ఆ ఇద్దరినీ ఒకే గాట కట్టేస్తుంది. ఆ తేడా చెప్పవలసివచ్చిన మనవాళ్ళు ఇంగ్లీషులో లేని మాటను తయారుచేసుకున్నారు. తోడల్లుడికి కో-బ్రదర్, తోడికోడలికి కో-సిస్టర్ అనడం కూడా అటువంటి అవసరం నుంచి వచ్చినదే. అక్కడి పరీక్షలో మీ మనవడు వాటిని రాయకూడదు గాని, ఎవరు అన్న, ఎవరు బావ అనే తేడాను మీ దగ్గర తప్పకుండా నేర్చుకోవాలి.

ప్రశ్న: ఎఫెక్ట్ ఏతో రాయాలా, ఈతో రాయాలా?
(ఒక గ్రామ కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: తుపాను పంటను దెబ్బతీసింది అని చెప్పే క్రియ ఏతో, దాని ప్రభావం అని చెప్పే నామవాచకం ఈతో. తెలుగులో 'పంట ఎఫెక్ట్ అయింది' అని ఒకే మాటతో సరిపెడుతున్నాము కనుక రాసేటప్పుడు ముందు తెలుగులో 'ప్రభావం' అనే మాట పెట్టి చూసుకోండి, కుదిరితే ఈ. ఉత్తర్వుల్లో ఫలానా తేదీ నుంచి అమలు అని రాసే 'విత్ ఎఫెక్ట్ ఫ్రమ్' కూడా ఈతోనే. మార్పు తీసుకురావడం అనే అర్థంలో ఈతో రాసే క్రియ ఒకటి ఉన్నది గాని, మీ నివేదికల్లో దాని అవసరం అరుదు.

ప్రశ్న: పుస్తకాలు, పెన్నులు అమ్మే చిన్న దుకాణం పెడుతున్నాను. బోర్డు రాసే పెయింటరు 'స్టేషనరీ'లో ఏ పెట్టమంటారా, ఈ పెట్టమంటారా అని అడిగాడు. ఊళ్ళో బోర్డులు చూస్తే రెండూ ఉన్నాయి.
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: ఈ పెట్టించండి. ఏ ఉన్న మాటకు కదలకుండా నిలిచి ఉన్నది అని అర్థం, ఆగి ఉన్న లారీకి అది సరిపోతుంది. అయితే ఈ రెండు మాటలూ ఒకే తల్లి బిడ్డలు కావడం వల్లనే ఇంత గందరగోళం వచ్చింది. మధ్యయుగాల ఐరోపాలో సరుకులు చాలావరకు ఊరూరా తిరిగి అమ్మేవారు. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలు అమ్మేవారు మాత్రం ఒకచోట అంగడి పెట్టుకుని స్థిరంగా కూర్చునేవారు, అందుకే వారికి స్టేషనర్ అనే పేరు వచ్చింది. లండనులో ఆ వృత్తివారి సంఘం 1403లో ఏర్పడి 1557లో రాజశాసనం పొందింది. వారు అమ్మిన కాగితం, సిరా, కలం స్టేషనరీ అయ్యాయి.

గుర్తు పెట్టుకోవడానికి ఇతర దుకాణాలను చూడండి. బేకర్ నడిపేది బేకరీ, గ్రోసర్ నడిపేది గ్రోసరీ, రెంటిలోనూ వై ముందు ఈ-ఆర్ ఉంది. స్టేషనర్ నడిపేదీ అంతే. పెయింటరుకు నోటితో చెప్పకుండా కాగితం మీద ఇలా రాసి ఇవ్వండి: ఎస్-టీ-ఏ-టీ-ఐ-ఓ-ఎన్-ఈ-ఆర్-వై. రంగు ఆరకముందే ఒకసారి వెళ్ళి ఆ ఎన్ పక్కన ఉన్నది ఈ అవునో కాదో చూసుకోండి.